నత్త రక్తం రిపోర్టు చదివే ముందు ఒంట్లో నీళ్లెన్నున్నాయో చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివా, రిపోర్టు ఫొటో కూడా జూమ్ చేసి చూశా. మిగతావాళ్లకి అర్థమవ్వాలని ముందు నీ సమస్య రెండు ముక్కల్లో చెప్తా. భీమవరంలో రొయ్యల ల్యాబ్‌లో పనిచేసి ఇప్పుడు నైజీరియాలో అబెయోకుటా దగ్గర ఒక ఫారం చూసుకుంటున్నావ్, అక్కడ మూడు గదుల్లో పెద్ద నత్తలు పెంచుతున్నావ్, మొదటి గదికి బొప్పాయి ఆకు, కాయ, రెండో గదికి కోళ్ల గ్రోయర్ మాష్ (ఎదిగే కోళ్లకి పెట్టే పిండి దాణా) పొడిగా, మూడో గదికి అదే మాష్‌లో ఆల్చిప్పల పొడి కలిపి, దాంతో పాటు కొంచెం ఆకు. రెండో గది నత్తలు ఎదగట్లేదు. సరే అని రక్తం తీసి మనుషులకి టెస్టులు చేసే ల్యాబ్‌కి పంపితే, ఎదగని గదికే ప్రోటీన్ అన్నిటికంటే ఎక్కువ వచ్చింది, కాల్షియం మూడు గదుల్లోనూ దాదాపు సున్నా, లివర్ ఎంజైము ఎస్‌జీపీటీ విపరీతంగా ఎక్కువ, హిమోగ్లోబిన్ మరీ తక్కువ. "ఇవి రక్తహీనతతో ఉన్నాయా, లివర్ పోయిందా అన్నా" అని అడిగావ్. చివర్లో కొన్ని గుడ్లు తెచ్చి తెనాలి దగ్గర మన ఊళ్లో పెంచొచ్చా అని కూడా అడిగావ్.

ముందు సూటిగా చెప్పేస్తా, తర్వాత కారణాలు. రక్తహీనత లేదు. లివర్ పోయిందని ఈ రిపోర్టు బట్టి అనలేం. కాల్షియం సున్నా అనేది ట్యూబు చేసిన పని. ఆ పేపర్‌లో ముఖ్యంగా పనికొచ్చే అంకె రెండో గది ప్రోటీన్ ఎక్కువ రావడం, అది కూడా అవి బాగా తిన్నాయని కాదు, ఒళ్లు ఎండిపోయిందని చెప్తోంది. నత్త రక్తంలో ఏ అంకె చూసినా ముందు అడగాల్సింది "రక్తం తీసినప్పుడు దీని ఒంట్లో నీళ్లు ఎన్నున్నాయి" అని. నేను కోళ్ల ఫీడ్ లైన్ నుంచి వచ్చినవాణ్ణి, అనపర్తిలో మొదలుపెట్టి నైజీరియాలోనే ఉన్న ఈ ఇబాదాన్ దాకా ఫీడ్ మిల్లులోనే ఉన్నా, ఇక్కడ నత్తల రైతులు ఫీడ్ కోసం మా దగ్గరికే వస్తారు, వాళ్లు తెచ్చే రిపోర్టుల్లో నూటికి తొంభై ఈ నీళ్ల సంగతి దగ్గరే తప్పుదారి పడతాయి.

ఎందుకో చెప్తా. కోడికి, మనిషికి రక్తం గొట్టాల్లో తిరుగుతుంది, దాని చిక్కదనం ఒక హద్దులో ఉంచడానికి కిడ్నీ గట్టిగా పనిచేస్తుంది. నత్తది అలా కాదు. దానిది ఓపెన్ సర్క్యులేషన్, గుండె నుంచి వచ్చిన ద్రవం అవయవాల చుట్టూ ఉన్న ఖాళీల్లోకి వదులుగా పారి మళ్లీ ఊపిరితిత్తి గోడ మీదుగా గుండెకి చేరుతుంది, దీన్నే హీమోలింఫ్ అంటారు, మనం సులువుగా రక్తం అనుకుందాం. ఈ ద్రవమే దానికి నీళ్ల ట్యాంకు కూడా. ఎండ కాసి తేమ తగ్గితే ఒంటి జిగురు ద్వారా, చర్మం ద్వారా నీళ్లు పోతాయి, ట్యాంకు తగ్గుతుంది, అందులో కరిగి ఉన్నవన్నీ, సోడియం, క్లోరైడ్, ప్రోటీన్, అన్నీ కలిసి చిక్కబడతాయి. నేల మీద బతికే నత్తలు ఇలా రక్తం చిక్కదనం దాదాపు రెట్టింపు అయినా తట్టుకుని బతుకుతాయి, మనిషికి అందులో కొంచెం జరిగినా ఐసీయూనే. వాన పడితే ఒక్క రాత్రిలో తాగి, చర్మంతో పీల్చి, మళ్లీ పల్చబడిపోతుంది. అంటే అదే నత్తకి సాయంత్రం ఒక రిపోర్టు, తెల్లారి ఇంకో రిపోర్టు రావచ్చు, దాని ఆరోగ్యం మాత్రం రెండుసార్లూ ఒకటే.

అందుకే నీ రెండో గది ప్రోటీన్ పక్కనే సోడియం, క్లోరైడ్ అంకెలు చూడు, రిపోర్టులో ఉన్నాయి. మొదటి గది కంటే రెండో గదిలో ప్రోటీన్ ఎంత వంతు పెరిగిందో సోడియం కూడా ఇంచుమించు అంతే పెరిగింది. రెండూ జంటగా పెరిగితే అది నీళ్లు తగ్గడం. సోడియం అక్కడే ఉండి ప్రోటీన్ ఒక్కటే పెరిగి ఉంటే అప్పుడు నిజంగా ప్రోటీన్ పెరిగిందని ఒప్పుకుంటా. ఈ లెక్క ఎవరైనా చేయొచ్చు, కొత్త మిషన్లు ఏవీ అక్కర్లేదు, కానీ చాలామంది రైతులే కాదు, స్టూడెంట్లు కూడా ప్రోటీన్ ఎక్కువ వచ్చిన గదిని "బెస్ట్ ఫీడ్" అని రాసేసి వెళ్లిపోతారు. నాకు బాధేసేది అక్కడే, ఆ రాతని నమ్మి రైతు టన్నులు టన్నులు అదే ఫీడ్ కొంటాడు.

ఇక హిమోగ్లోబిన్. నువ్వు రొయ్యల ల్యాబ్‌లో చేశావ్ కాబట్టి నీకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. రొయ్య రక్తం లాగే నత్త రక్తంలో కూడా ఆక్సిజన్ మోసేది హీమోసయనిన్, ఇనుము కాదు, రాగి. గాలి తగిలితే నీలంగా మారుతుంది, ఆక్సిజన్ పోతే రంగు లేకుండా ఉంటుంది. ఇది ఎర్ర కణాల్లో ఉండదు, నత్తకి ఎర్ర కణాలే లేవు, రాగి ప్రోటీన్ నేరుగా ద్రవంలోనే తేలుతూ ఉంటుంది. ఒక్కో అణువు చాలా పెద్దది, దాదాపు 80 లక్షల డాల్టన్లు (అణువుల బరువు కొలిచే లెక్క), ఒక్కో దానికి 160 ఆక్సిజన్లు పట్టుకునే చోట్లుంటాయి, ఒక్కో చోట రెండు రాగి పరమాణువులు. మన హిమోగ్లోబిన్ 64 వేల చిల్లర డాల్టన్లు, నాలుగు చోట్లు. రక్తంలో ఉన్న ప్రోటీన్‌లో చాలా ఎక్కువ భాగం ఈ హీమోసయనినే.

మరి ల్యాబ్ వాళ్లకి హిమోగ్లోబిన్ అంకె ఎలా వచ్చింది అంటావా, వాళ్ల పద్ధతిలో రియాజెంట్ కలిపి 540 నానోమీటర్ల దగ్గర రంగు ఎంత ఉందో కొలుస్తారు. హీమోసయనిన్ ఆక్సిజన్‌తో ఉన్నప్పుడు 345 దగ్గర గట్టిగా, 570 చుట్టుపక్కల పల్చగా వెలుతురు పీలుస్తుంది, ఆ పల్చటి పట్టా అంచు, కొంచెం మబ్బుగా ఉన్న జిగురు, అన్నీ కలిపి మిషను ఏదో ఒక అంకె ఇస్తుంది. మిషను అబద్ధం చెప్పలేదు, అడగకూడని ప్రశ్న అడిగాం అంతే. పీసీవీ, అంటే రక్తంలో కణాల వంతు చెప్పే అంకె, అది కూడా అంతే, ట్యూబు అడుగున చేరింది ఎర్ర కణాలు కాదు, హీమోసైట్లు అనే తెల్ల కణాల్లాంటివి, వాటితో పాటు జిగురు, చెత్త. ఈ రెండు లైన్లు పెన్నుతో కొట్టెయ్. నీకు ఆక్సిజన్ మోసే శక్తి ఎంతుందో నిజంగా తెలియాలంటే 345 దగ్గర కొలవమను, లేదా రక్తంలో రాగి కొలవమను.

ఇప్పుడు కాల్షియం. ఫొటోలో ఊదా మూత ట్యూబులు కనిపించాయి. అంటే ఈడీటీఏ. ఈడీటీఏ పనే కాల్షియంని పట్టేసుకోవడం, అలా పట్టుకోబట్టే మనిషి రక్తం గడ్డకట్టదు. ఆ ట్యూబులో పోసి కాల్షియం టెస్టు చేయమంటే మనిషి రక్తానికైనా సున్నా దగ్గరే వస్తుంది. ఏఎల్‌పీ అనే ఎంజైము అంకె కూడా పడిపోతుంది, ఎందుకంటే ఆ ఎంజైముకి జింకు, మెగ్నీషియం కావాలి, వాటినీ ఈడీటీఏ లాగేసుకుంటుంది. ఇంకో నష్టం, హీమోసయనిన్ అంత పెద్ద అణువు ఒక కట్టుగా ఉండటానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి, ఈడీటీఏలో అది ముక్కలుగా విడిపోతుంది. రొయ్య రక్తం గడ్డకడుతుంది కాబట్టి అక్కడ సిట్రేట్ లాంటివి వాడటం నీకు అలవాటు, ఆ అలవాటుతోనే ఇక్కడా గడ్డకట్టనివ్వని మందు (యాంటీకోయాగులెంట్) పెట్టి ఉంటావ్. నత్త రక్తం అలా గడ్డకట్టదు, కణాలు గుంపు కడతాయి అంతే. మందేమీ లేని మామూలు ప్లెయిన్ ట్యూబ్ చాలు, ఐస్‌లో పెట్టి, వెంటనే సెంట్రిఫ్యూజ్ మిషన్లో తిప్పేసి, పైన తేరింది వాడు. గ్లూకోజ్ ఒక్కదానికి ఫ్లోరైడ్ ట్యూబు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ సంగతి. రక్తం ఎలా తీశావో నువ్వే రాశావ్, గుల్ల కొసని పగలగొట్టి కారిన ద్రవం పట్టావని. గుల్ల కొసలో ఏముందో ఒకసారి గుర్తు తెచ్చుకో, పై చుట్లలో ఉండేది జీర్ణ గ్రంథి, అంటే దాని లివర్ లాంటిది, దాంతో పాటు బీజ గ్రంథి. కొస పగలగొట్టినప్పుడు అది నలుగుతుంది, అందులోని ఎంజైములన్నీ రక్తంలోకి దిగుతాయి, ఏఎల్‌టీ, ఏఎస్‌టీ (ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీలకే ఇంకో పేర్లు), ఫాస్ఫటేజులు, ఆకు జీర్ణం చేసే అమైలేజ్, సెల్యులేజ్ అన్నీ. లివర్ గుచ్చి తీసిన రక్తంలో లివర్ ఎంజైములు ఎక్కువున్నాయంటే అది నత్త జబ్బు కాదు. ఇక్కడ చాలాచోట్ల ఇలాగే తీస్తారు, తేలిక కాబట్టి. కొంచెం గోధుమ రంగు, ఆకుపచ్చ కలిసిన ద్రవం వచ్చిందంటే ఆ శాంపిల్ పారబోసెయ్, శుభ్రమైన నత్త రక్తం గాలికి పెడితే లేత నీలంగా, తేటగా ఉంటుంది.

మిగతా లైన్లు గబగబా చెప్తా. క్రియాటినిన్ అర్థం లేనిది, మన కండరాల్లో క్రియాటిన్ ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి మనకి క్రియాటినిన్ వస్తుంది, నత్త కండరంలో ఆర్జినిన్ ఫాస్ఫేట్ ఉంటుంది. అల్బుమిన్ కూడా అంతే, మనలాంటి అల్బుమిన్ దానికి లేదు, ఆకుపచ్చ రంగు రియాజెంట్ ఏదో ప్రోటీన్‌కి అతుక్కుంటే అంకె వచ్చింది. టోటల్ ప్రోటీన్ బైయూరెట్ అనే రంగు పరీక్ష పద్ధతిలో చేస్తే నమ్మొచ్చు. యూరిక్ యాసిడ్ కొంత అర్థం ఉన్నది, నేల నత్తలు నత్రజని చెత్తని నీళ్లు వృథా కాకుండా యూరిక్ యాసిడ్, దాని చుట్టాలైన ప్యూరిన్లుగా మార్చి కిడ్నీలో దాచుకుంటాయి, చాలాకాలం నిద్రపోయిన నత్తల్లో అది పేరుకుంటుంది. గ్లూకోజ్ ఎప్పుడు తిన్నాయి, ఎంతసేపు చేత్తో పట్టుకున్నావ్ అన్నదాన్ని బట్టి మారిపోతుంది, అన్ని గదులకీ ఒకే టైములో తీయకపోతే పోల్చొద్దు.

మళ్లీ రక్తం తీయాలనుకుంటే ఇలా చెయ్. ముందు రోజు సాయంత్రం మూడు గదుల నత్తలకీ ఒకేలా నీళ్లు కొట్టు, తడి బట్ట మీద రాత్రంతా వదిలెయ్, తెల్లారేసరికి అన్నీ తల బయట పెట్టి పాకుతూ ఉండాలి, మూత బిగించుకుని ఉన్నవి పక్కన పెట్టు. తర్వాత పెద్ద చుట్టులో, గుల్ల నోటి వెనకాల, గుండె కొట్టుకునే చోటు పైన గుల్లకి చిన్న చిల్లు జాగ్రత్తగా పెట్టి సన్న సూదితో తీయాలి, గుల్ల పల్చగా ఉన్న పిల్లల్లో లైటు వెనకనుంచి వేస్తే గుండె కదలిక కనిపిస్తుంది. మొదట్లో చేతికి రాదు, ఒకరిద్దరు వెటర్నరీ వాళ్లు చేసి చూపిస్తే వచ్చేస్తుంది. అబెయోకుటాలోనే ఫెడరల్ అగ్రికల్చర్ యూనివర్సిటీ ఉంది, నత్తల మీద చాలా పని చేసినవాళ్లు అక్కడున్నారు, మాకు ఇబాదాన్‌లో మూర్ ప్లాంటేషన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వెళ్లి అడుగు, సాయం చేస్తారు. గుడ్లు పెట్టే వయసు నత్తల్ని పిల్లల్తో కలపొద్దు, అన్నీ ఆడా మగా రెండూ అయినవే కాబట్టి ప్రతి పెద్ద నత్తా గుడ్ల తయారీలో ఉండొచ్చు, ఆ టైములో కాల్షియం, ప్రోటీన్ రెండూ వేరే దారిలో వెళ్తాయి.

నిజానికి నీ సమస్యకి రక్తం అక్కర్లేదు తమ్ముడూ. నత్త ఎదుగుతోందా లేదా అన్నది దాని గుల్ల అంచు చెప్తుంది. నత్తని తీసుకుని నోటి అంచు, మేం పెదవి అంటాం, దాన్ని వేలితో మెల్లగా తడిమి చూడు. ఎదుగుతున్న నత్తకి ఆ పెదవి పల్చగా, లేత రంగులో, కొంచెం నొక్కితే వంగేలా ఉంటుంది, ఉల్లిపొర లాగా. ఎదుగుదల ఆగిన నత్తకి అదే పెదవి గట్టిపడి, అంచు మందంగా, రంగు ముదిరి ఉంటుంది. ఇబాదాన్ బొడిజా మార్కెట్‌లో పెంపకానికి నత్తలు ఏరుకునేటప్పుడు నేను ముందు చూసేది అదే. గుల్ల మీద నిలువు గీతలు కూడా చూడు, ఎక్కడ ఎదుగుదల ఆగి మళ్లీ మొదలైందో అక్కడ ఒక గట్టి గీత పడుతుంది, రెండో గది నత్తల్లో ఆ గీత ఎక్కడుందో చూస్తే మాష్ మొదలుపెట్టిన రోజుల దగ్గరే ఉంటుందని నా అనుమానం.

బరువు తూకం కూడా నీళ్ల మాయలో పడుతుంది. తడిసిన నత్త, ఎండిన నత్త ఒకటే గుల్ల పొడవున్నా బరువు చాలా తేడా. అందుకే బరువు ఒక్కటే రాయకు, వెర్నియర్‌తో గుల్ల పొడవు, వెడల్పు కూడా రాయి, గుల్ల ఎండినా కుంచించుకుపోదు కదా. బరువు సుమారుగా పొడవు ఘనంతో పెరుగుతుంది, పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్ల దగ్గరికి పోతుంది, అందుకని పొడవులో నాలుగు మిల్లీమీటర్లు అంటే చిన్న తేడా అనుకోకు. అదే పొడవున్న మొదటి గది నత్త కంటే రెండో గది నత్త తేలిగ్గా ఉంటే అది ఎండిపోయింది, లేదా తిండి లేక చిక్కింది.

అన్నట్టు నీ నత్తలు ఏ జాతో రాయలేదు, అది లేకుండా "ఆరు నెలలకి ఇంతే పెరిగాయి" అంటే ఎక్కువో తక్కువో చెప్పలేం. ఇక్కడ ఎక్కువగా పెంచేవి మూడు. మార్జినాటా, పెద్ద నల్ల నత్త, ఇక్కడి యొరుబా జనం ఇగ్బిన్ (నత్త) అంటే ముందు గుర్తొచ్చేది ఇదే, గుడ్లు తక్కువ పెడుతుంది, ఒక్కో విడతకి 4 నుంచి 18, కానీ గుడ్డు పెద్దది, 17 మిల్లీమీటర్ల పొడవు దాకా, పిల్ల కూడా దిట్టంగా పుడుతుంది, తొమ్మిది పది నెలలకి గుడ్ల వయసు. అకటినా అకటినా, ఘనా వైపు పులి చారల నత్త, ఒక్కసారే 30 నుంచి 300 గుడ్లు, ప్రపంచంలో నేల నత్తల్లో అన్నిటికంటే పెద్దది ఇదే, 1976లో సియెరా లియోన్‌లో దొరికిన ఒకటి 900 గ్రాములు తూగింది, గుల్లే 27.3 సెంటీమీటర్లు. ఘనాలో లెగాన్ యూనివర్సిటీ హోదాసి గారు 1970లలోనే దీని జీవితచక్రం మీద పని చేశారు. మూడోది ఫులికా, తూర్పు ఆఫ్రికాది, ఐదారు నెలలకే గుడ్లు పెట్టేస్తుంది, వందల్లో పెడుతుంది, సైజు చిన్నది, రేటు తక్కువ. ఈ మూడిట్లో ఏది అన్నదాన్ని బట్టి "ఎదగట్లేదు" అనే మాటకి అర్థం మారిపోతుంది.

ఇక అసలు జబ్బు, రెండో గది ఫీడ్. కోళ్ల మాష్ నత్తకి విషం కాదు, ఇక్కడ చాలామంది వాడుతున్నారు, బాగానే పెరుగుతాయి కూడా. కానీ పొడి మాష్, పక్కన ఆకు లేకుండా, నీళ్లు సరిగా లేకుండా అంటే కష్టం. కోడి ఫీడ్‌లో మేం ఉప్పు వేస్తాం, పావు శాతం దాటి ఉంటుంది, కోడికి పక్కనే నిపుల్ డ్రింకర్ ఉంటుంది కాబట్టి తాగి సర్దుకుంటుంది. నత్తకి ఆ ఉప్పు, ఆ పొడి రెండూ ఒంట్లో నీళ్లు లాగేవే, పాదానికి పొడి అంటుకుంటే జిగురు ఎక్కువ కారుస్తుంది, జిగురంటే నీళ్లే. నీ మొదటి గదికి బొప్పాయి ఆకు, కాయలోనే నీళ్లు వచ్చేస్తున్నాయి, మూడో గదికి కొంచెం ఆకు పెడుతున్నావ్, అందుకే అది మధ్యలో ఉంది. రెండో గది ఒక్కటే ఎండిపోతోంది. రక్తంలో ప్రోటీన్, సోడియం జంటగా పెరగడం ఈ మాటే చెప్తోంది, నువ్వు చూసినప్పుడు గుల్ల పెదవి గట్టిపడి, బరువు తేలికై ఉంటే అవీ ఇదే మాట చెప్పినట్టు.

నువ్వే ఫీడ్ కలుపుకో, మిల్లు దగ్గర చెప్తే ఉప్పు లేకుండా కలిపిస్తారు. మొక్కజొన్న, సోయా చెక్క, ఇక్కడ చవకగా దొరికే పామ్ కెర్నెల్ చెక్క, గోధుమ తవుడు, ప్రోటీన్ 20 శాతం పైన వచ్చేలా. సాయంత్రం పొద్దు గూకాక నీళ్లతో పిసికి తడి ముద్దగా పెట్టు, అవి తినేది రాత్రే. తెల్లారగానే మిగిలింది తీసెయ్, ఆ తేమలో ఒక్క పగలు ఉంటే బూజు పడుతుంది. పక్కన బొప్పాయి ఆకు, చేమ ఆకు, బెండ, వంకాయ ఏది దొరికితే అది. కసావా ఆకు పెడితే చేదు రకం కాకుండా చూసుకో, సయనైడ్ ఎక్కువ. ఆల్చిప్పల పొడి ఫీడ్‌లో కలపడం కంటే వేరే పళ్లెంలో పెట్టు, ఎంత కావాలో అవే గీక్కుని తింటాయి, గుల్లలో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే కాబట్టి ఇందులో పిసినారితనం వద్దు. మన ఊళ్లో లాంటి కాల్చిన గుల్ల సున్నం మాత్రం పెట్టకు, అది కార్బొనేట్ కాదు, తడి తగిలితే కాలుస్తుంది. లోతు లేని పళ్లెంలో నీళ్లు, మట్టి రోజూ చేత్తో ముట్టుకుంటే తడిగా తగలాలి కానీ పిండితే నీళ్లు కారకూడదు.

ఆకు ఎక్కడినుంచి తెస్తున్నావో కూడా చూసుకో, ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. ఇక్కడ కోకో తోటల్లో కాయ నల్లబడే తెగులుకి రాగి మందులు కొడతారు. నత్త రక్తానికి రాగి కావాలి అని పైన చెప్పా, కానీ దానికి తిండిలో ఉన్న కొద్దిపాటి రాగి చాలు, మందు రూపంలో పడితే చచ్చిపోతుంది, నత్తల్ని చంపడానికి రాగి ఉన్న మైలుతుత్తం వాడేది అందుకే. కోకో తోట అంచుల్లో పెరిగిన చేమ ఆకు, బొప్పాయి ఆకు తెచ్చి పెట్టి గది గదంతా పోగొట్టుకున్న రైతులున్నారు. వానాకాలంలో మందు కొట్టే రోజులే నత్తలు బాగా తినే రోజులు కూడా.

ఎన్ని నత్తలు ఒక గదిలో ఉన్నాయన్నది కూడా రాయలేదు. పెద్దవైతే చదరపు మీటరుకి పది పదిహేను మించొద్దు. ఇరుకైతే తిండి చాలకే ఎదగవు అనుకుంటాం, తిండి ఎంత పెట్టినా ఎదగవు, జిగురు, పెంట మట్టిలో పేరుకుంటే వాటికి అదే అడ్డు, గుడ్లూ తగ్గుతాయి. మట్టి మూణ్నెల్లకోసారి మార్చు. మార్జినాటా అయితే ఒక జానెడు లోతు మట్టి కావాలి.

ముందు డిసెంబరు వస్తోంది, హర్మటాన్ గాలి మొదలైతే ఫిబ్రవరి దాకా దుమ్ము, పొడి గాలి, అప్పుడు గోనెసంచులు తడిపి గోడలకి కట్టాలి, లేకపోతే నత్తలన్నీ లోపలికెళ్లి నోటికి తెల్లటి పొర వేసుకుని పడుకుంటాయి. పడుకున్న నత్త రక్తం తీయకు. అది ఊపిరి చాలా తగ్గించేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ లోపలే పోగవుతుంది, రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది, ఆ ఆమ్లాన్ని చంపడానికి సొంత గుల్లనే కొంచెం కరిగించుకుంటుంది, దాంతో రక్తంలో కాల్షియం, బైకార్బొనేట్ పెరుగుతాయి. ఆ రిపోర్టు చూసి "కాల్షియం బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటే గుల్ల అరుగుతున్న నత్తని ఆరోగ్యంగా ఉందని రాసినట్టు. నాకు ఈ జీవి మీద గౌరవం కలిగింది ఈ ఒక్క విషయం తెలిశాకే, ఇల్లే దానికి మందు కూడా.

నీ ప్రయోగం సంగతి ఒక మాట. ఫీడుకి ఒకే గది ఉంటే ఆ గదిలో వంద నత్తలున్నా లెక్కకి ఒకటే, ఎందుకంటే ఆ గది నీడలో ఉందా, గోడ పగుల్లో చీమలొచ్చాయా అన్నవన్నీ ఫీడ్ ఖాతాలో పడిపోతాయి. ప్రతి గదినీ అడ్డు పెట్టి మూడు చిన్న అరలు చెయ్, ఫీడ్లు చీటీలేసి పంచు. పేపర్ రాసే ఉద్దేశం ఉంటే ఇది తప్పదు, లేకపోయినా నీ ఓనర్ డబ్బులు కాబట్టి తప్పదు.

గుడ్లు ఊరికి తేవడం గురించి. వద్దు తమ్ముడూ, దయచేసి ఆ ఆలోచనే పెట్టుకోకు. ఫులికా మన దేశానికి 1847లోనే వచ్చింది, బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకి తెచ్చాడు, తోటలో వదిలిన ఆ కొన్నే ఈరోజు కేరళ దాకా పాకి బొప్పాయి, అరటి, కూరగాయలు తినేస్తున్నాయి, వానాకాలంలో రైతులు బకెట్లతో ఏరి ఉప్పులో వేస్తున్నారు. అమెరికాలో ఫ్లోరిడాలో 1966లో ఒక పిల్లాడు హవాయి నుంచి మూడే నత్తలు తెచ్చాడు, ఏడేళ్లకి 18 వేలు దాటి దొరికాయి, వాటిని తుడిచిపెట్టడానికి పదేళ్లు, పది లక్షల డాలర్లు పట్టింది, 2011లో మళ్లీ వచ్చాయి. తెనాలి చుట్టూ ఉన్న అరటి, పసుపు, చేమ, మాగాణి తేమ, ఆ నత్తకి స్వర్గం. పైగా ఎలుకల ఊపిరితిత్తి పురుగు పిల్లలు ఈ నత్తల్లో ఉండొచ్చు, పచ్చిగా తిన్నా, జిగురు చేతులతో నోట్లో పెట్టుకున్నా మెదడు పొరల వాపు వస్తుంది, కేరళలో పిల్లలకి వచ్చిన కేసులున్నాయి. నువ్వు కూడా రక్తం తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకో, ఫారంలో ఎలుకల్ని కట్టడి చెయ్, మీ వంటవాడు పటికతో జిగురు కడిగినా బాగా ఉడికించమని చెప్పు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, రెండో గదికి ఈ రాత్రి నుంచే మాష్ తడిపి పెట్టి పక్కన బొప్పాయి ఆకు వెయ్, మిగతావేం మార్చకు. పది నత్తల గుల్ల మీద నెయిల్ పాలిష్‌తో పెదవి అంచు దగ్గర గుర్తు పెట్టు, రెండు మూడు వారాలకి ఆ గుర్తు దాటి కొత్త లేత అంచు వచ్చిందో లేదో ఫొటో తీసి ఇక్కడే పెట్టు. జాతి పేరు, గది కొలత, ఎన్ని నత్తలున్నాయో, మాష్ బస్తా మీద లేబుల్ ఫొటో కూడా పంపు, లేబుల్ చూస్తే ఉప్పు, కాల్షియం ఎంతున్నాయో చెప్తా.